తడి చెంప గుహ

చీకటి పడ్డాక తడి చెంప గుహ ముందు నుంచి పోవలసి వస్తే, మా లోయలో ఎవరైనా సరే రెండు అరచేతులతో చెంపలు మూసుకుని పోతారు. నీళ్ళ కడవ ఉంటే నెత్తికెత్తుకుంటారు. గాడిదను తోలుకొస్తుంటే దాని తాడు పంటితో పట్టుకుంటారు. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకి అది చూస్తే నవ్వొస్తుంది. రెండో రాత్రికి వాళ్ళూ మూసుకుంటారు.

ఎందుకంటే... ఆ గుహలో థెక్ల ఉంది.

థెక్ల సన్యాసిని. మా ముత్తాతల ముత్తాతల కాలంలో, గోడల మీద దేవుడి బొమ్మలు ఉండకూడదని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. సైనికులు సుత్తులు పట్టుకుని కొండల్లో తొలిచిన గుళ్ళన్నీ గాలించారు. ఈ గుహలో అప్పుడు క్రీస్తు తల్లి దేవమాత బొమ్మ ఉండేది. థెక్ల వాళ్ళకంటే ముందే వచ్చి, బొమ్మ ముఖానికి తన ముఖం ఆనించి, చేతులు చాపి, గోడను కావలించుకుని నిలబడింది. తప్పుకోమన్నారు. తప్పుకోలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో మా లోయలో ఎవరూ వివరంగా చెప్పరు. గోడ మీదా ముఖం మిగల్లేదు, ఆమెకీ మిగల్లేదు అని మాత్రం అంటారు.

అప్పటి నుంచీ ఆమె ఆ చీకట్లో ముఖం వెతుక్కుంటోంది. తన ముఖమో, ఆ తల్లి ముఖమో! ఎవరైనా దొరికితే చప్పుడు లేకుండా దగ్గరికొచ్చి, తన చెంప వాళ్ళ చెంపకి ఆనించి చూస్తుంది. ఇది కాదు... ఇదీ కాదు... ఆ చెంప తడిగా ఉంటుందట. చల్లగా, మెత్తగా ఉంటుందట.

అలాంటి గుహలో మళ్ళీ బొమ్మలు వేయించాలని యూదోకియమ్మగారికి ఎందుకు బుద్ధి పుట్టిందో ఆమెకే తెలియాలి. భర్త సేనాని, తూర్పు సరిహద్దులో పోయాడు. ఆయన పేరున ఒక గుడి ఉండాలనుకుంది. ఉత్తర్వుల కాలం ఎప్పుడో పోయింది కాబట్టి అడ్డు చెప్పేవాళ్ళు లేరు. పెద్ద చిత్రకారుడు ఒరెస్తెస్‌కి కబురు పెట్టింది. ఆయన తన ఇద్దరు శిష్యుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పెద్దవాడు బర్దాస్, మా లోయవాడే. చిన్నవాడు నికేతాస్, కైసరయ పట్నం వాడు.

బర్దాస్‌కి నికేతాస్ అంటే కుళ్ళు. దాచిపెట్టి చెప్పడం ఎందుకు? పొద్దున లేస్తే కుళ్ళు, పడుకుంటే కుళ్ళు. గంజిలో నికేతాస్‌కి రెండు ఆప్రికాట్లు ఎక్కువ పడితే ఆ పూట బర్దాస్‌కి ముద్ద దిగేది కాదు.

అసలు బాధ ఆప్రికాట్లు కావు... 'ఊఁ'.

గురువు ఒరెస్తెస్ ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాదు. పని నచ్చకపోతే ముక్కు చీదుతాడు. నచ్చితే 'ఊఁ' అంటాడు. అంతకు మించి ఆయన నోట ఇంకో ముక్క రాదు. నికేతాస్ క్రీస్తు పుట్టిన కొట్టంలో ఒక గాడిదను వేస్తే 'ఊఁ' అన్నాడు. ఉత్త గాడిద! అదే గోడ మీద బర్దాస్ దేవదూత రెక్కలు ఈకా ఈకా విడివిడిగా, గాలి వీస్తే కదిలేలా వేస్తే... ముక్కు చీదాడు. జలుబేమో అనుకుని బర్దాస్ తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. కానీ ఆ సాయంత్రం ఆయన మళ్ళీ చీదలేదు.

పైగా నికేతాస్ నోరు ఊరుకోదు.

"అన్నా, నువ్వు దేవదూతలకి దర్జీవి. ఇంత చక్కగా బట్టలు కుడతావే, ఒక్కడికీ ముఖం పెట్టవేం?" అనేవాడు అందరి ముందూ.

అది బర్దాస్ గుండెలో గుచ్చుకునే మాట. ఎందుకంటే గోడ పనిలో వరస ఉంది. కొత్తవాడు కొండలూ చెట్లూ వేస్తాడు. కాస్త చెయ్యి తిరిగాక బట్టలు వేస్తాడు. ముఖాలు మాత్రం గురువే వేస్తాడు. ఒళ్ళంతా పూర్తయ్యాక, ముఖం ఉండవలసిన చోట పళ్ళెమంత ఖాళీ వదులుతారు. అక్కడ చివర్న విడిగా తడి సున్నం పూసి, అది ఆరేలోపు ముఖం వెయ్యాలి. ఆరితే రంగు గోడలోకి ఇంకదు. ఆ పళ్ళెమంత చోటు కోసమే బర్దాస్ జుట్టు నెరిసేదాకా గురువు గొడుగు కింద పడి ఉన్నాడు. ఒక్క ముఖమైనా అతని చేతికి రాలేదు.

ఆ ఏడు ద్రాక్షపళ్ళు కోసే రోజుల్లో గురువు కళ్ళకి పొర కమ్మింది. దీపం దగ్గరికి తెస్తే తప్ప రంగు తేడా తెలియడం లేదు. ఒక రాత్రి భోజనాల దగ్గర రొట్టె తుంచుతూ, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఇక్కడి దేవమాత ముఖం నేను వెయ్యను. వేసినవాడు నా తర్వాత నా కుంచెలు పట్టుకుంటాడు."

"ఎవరు గురువుగారూ?" అన్నాడు నికేతాస్, నోట్లో ముద్ద ఆపి.

"వేళకి చెబుతాను."

ఆ రాత్రి నుంచి బర్దాస్‌కి నిద్ర పోయింది. కళ్ళు మూస్తే ఆ పళ్ళెమంత ఖాళీ కనిపించేది. దాని పక్కన నికేతాస్ పళ్ళికిలించుకుని నిలబడి ఉండేవాడు.

దేవమాత ఒళ్ళంతా బర్దాసే వేశాడు. ముదురు నీలం వస్త్రం, ఒళ్ళో బిడ్డ చుట్టూ మడతలు, వేళ్ళ దగ్గర పైట నొక్కుకుపోయిన తీరు... మనసు పెట్టి వేశాడు. తలపైన ముసుగు వేసి, ముసుగులో ఖాళీ వదిలి దిగాడు. ఈ వస్త్రం వేసినవాడికి కాక ఈ ముఖం ఇంకెవరికి ఇస్తారు అనుకున్నాడు. ఆ ఆశతోనే పరంజా మీద నుంచి దిగుతూ కొంచెం కూనిరాగం కూడా తీశాడు.

మర్నాడు సాయంత్రం గురువు గుహ బయట రాయి మీద కూర్చుని కేక వేశాడు.

"నికేతాస్! దేవమాత ముఖానికి సున్నం పూసెయ్. పైన ఆకుపచ్చ పూత కూడా కొట్టెయ్."

ఆకుపచ్చ అంటే ఆశ్చర్యపోకండి. ముఖానికి కింద ముందు ఆకుపచ్చ మట్టిరంగే పూస్తారు. దాని మీద గోధుమ రంగూ, తెలుపూ పొరలు పొరలుగా వేస్తూ పోతే, ఆ పచ్చ చెంపల పక్కనా కళ్ళ కిందా నీడగా మిగిలి, ముఖం బతికొస్తుంది. పైపొరలు వెయ్యకముందు చూస్తే మాత్రం... నీళ్ళలో పడి నాలుగు రోజులకి తేలిన మనిషిలా ఉంటుంది.

బర్దాస్‌కి అంతా అర్థమైపోయింది. గురువు ఇన్నేళ్ళలో ముఖానికి సున్నం ఇంకొకళ్ళని ముట్టుకోనివ్వలేదు. సున్నమూ ఆయనే పూసుకునేవాడు, పచ్చా ఆయనే కొట్టుకునేవాడు, ముఖమూ ఆయనే వేసేవాడు. సున్నం ఎవరిదైతే ముఖం వాళ్ళదే. ఇక అడగడానికేముంది? గురువు నికేతాస్‌ని దగ్గరికి పిలిచి చెవిలో ఇంకేదో చెప్పాడు. నికేతాస్ తల వంచుకుని విన్నాడు. సున్నం తొట్టె ఎత్తుకుని లోపలికి పోతూ బర్దాస్ వైపు ఒకసారి చూశాడు.

ఆ చూపు చాలు. బర్దాస్‌కి ఒళ్ళు మండిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర నికేతాస్ ఎక్కువ మాట్లాడలేదు. మూతి తుడుచుకుని లేచాడు.

"పావురాల గూళ్ళు ఊడ్చే మారో అవ్వ ఇంట్లో కొత్త ద్రాక్షసారా తీసిందట. అక్కడే తాగి అక్కడే పడుకుంటాను."

"ఏంట్రా అంత సంబరం?" అన్నాడు బర్దాస్, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

"సంబరమా?" నికేతాస్ అదోలా నవ్వాడు. "అవునన్నా... సంబరమే."

ఎంత పొగరు! బర్దాస్ పడుకున్నాడు. లేచాడు. మళ్ళీ పడుకున్నాడు. పక్క గదిలో గురువు గురక పెడుతున్నాడు. తెల్లవారితే నికేతాస్ ఆ ముఖం వేస్తాడు. యూదోకియమ్మగారు వచ్చి చూస్తుంది. గురువు 'ఊఁ' అంటాడు. లోకం ఉన్నన్నాళ్ళూ జనం వచ్చి ఆ ముఖానికి మొక్కుతారు. కింద వస్త్రం ఎవరు వేశారని ఒక్కడూ అడగడు.

గుహలో సున్నం ఓ పట్టాన ఆరదు. ఇప్పుడింకా వెన్నలా ఉంటుంది. చేత్తో ఒక్క గీకు గీకితే... తెల్లవారేసరికి గోడ మీద బండ కనిపిస్తుంది. అమ్మగారు చూసి, ఇదేనా మీవాడి పనితనం అంటుంది. నికేతాస్ ముఖం మాడిపోతుంది.

ఆ మాడిన ముఖం తలుచుకోగానే బర్దాస్‌కి చాలా రోజుల తర్వాత హాయిగా అనిపించింది. లేచి కంబళి కప్పుకుని బయటపడ్డాడు.

దీపం తీసుకోలేదు. కొండ మీద దీపం కదిలితే లోయంతా కనిపిస్తుంది. చంద్రుడు లేడు. పైన పావురాల గూళ్ళలో ఏదో ఒకటి మూలుగుతోంది. చలికి నేల మీద గడ్డి బిరుసెక్కి, అడుగు వేస్తే చిటుకు... చిటుకు... అంటోంది.

గుహ దగ్గరికి వచ్చేసరికి తన రెండు చేతులూ చెంపల మీద ఉన్నాయని బర్దాస్ గమనించాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఛీ, అనుకుని చేతులు దింపాడు. గీకాలంటే చేతులు కావాలి కదా.

లోపల అడుగు పెట్టాడు.

చీకటి మామూలు చీకటి కాదు... కళ్ళు తెరిచినా మూసినా తేడా లేదు. సున్నం వాసన, అందులో కలిపిన తడి గడ్డి వాసన. గుమ్మం పక్కన తలుపుకి అడ్డంగా దొర్లించే పెద్ద గుండ్రటి బండ చేతికి తగిలింది. దాన్ని పట్టుకుని, దాని తర్వాత గోడ పట్టుకుని, తడుముకుంటూ నడిచాడు. పరంజా గుంజ దొరికింది. పైకెక్కాడు. చెక్క కిర్రుమంది.

ఆగాడు.

ఎవరో ఊపిరి తీస్తున్నారు.

తన ఊపిరేనా? బిగబట్టి విన్నాడు. అది ఆగలేదు. చాలా సన్నగా... వెనకెక్కడో... తీసి... వదులుతోంది.

"ఎవరది?" అన్నాడు.

ఆ ఊపిరి ఆగిపోయింది. పావురమో, గబ్బిలమో అయివుంటుందని సర్దుకున్నాడు. గోడ మీద చెయ్యి పెట్టాడు. గరుకుగా, పొడిగా ఉంది. తను వేసిన వస్త్రమే. పైకి జరిపాడు. ముసుగు అంచు. ఇంకొంచెం పైకి... దగ్గరగా వంగాడు...

చల్లటి, తడి చెంప ఒకటి అతని చెంపకి ఆనింది.

మెత్తగా ఉంది. చల్లగా ఉంది. తన చెంపని పట్టుకుని వదలడం లేదు. వచ్చిన పని మరిచిపోయాడు. దాన్ని నెట్టెయ్యాలని గుడ్డిగా చెయ్యి విసిరాడు. వేళ్ళు ఆ మెత్తటి దానిలోకి దిగబడ్డాయి. ముఖం! వేళ్ళ కింద ముఖం ఉంది! లాగాడు... ఊడొచ్చింది...

అప్పుడు ఎవరో అతని మణికట్టు పట్టుకున్నారు.

గట్టిగా కాదు. వద్దురా నాయనా అని తల్లి బిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు. చెవి దగ్గరే, తడి గొంతు ఒకటి అంది:

"ముఖం... వదులు."

పరంజా మీద నుంచి ఎలా పడ్డాడో, గుహలోంచి ఎలా బయటికి వచ్చాడో, కంబళి ఏ ముళ్ళపొదలో వదిలేశాడో బర్దాస్‌కి తెలియదు. పక్క మీద పడి, రెండు చేతులతో చెంపలు మూసుకుని, తెల్లవారుజాము దాకా అలాగే ఉండిపోయాడు.

ఇంకా వెలుగు రాలేదు, భుజం మీద చెయ్యి పడింది. బర్దాస్ ఎగిరి కూర్చున్నాడు.

గురువు.

"లేరా," అన్నాడు ఒరెస్తెస్ మెల్లగా. "ముఖం కడుక్కో. కడుపు ఖాళీగా ఉంచుకో. దేవమాత ముఖం నువ్వే వెయ్యాలి."

బర్దాస్‌కి అర్థం కాలేదు.

"నేనా? మరి... నికేతాస్ సున్నం..."

"సున్నం వాడు పూశాడు. నీ చెయ్యి అలిసిపోకూడదని వాడిచేత పూయించాను. రాత్రే చెబితే నిద్రపోవని, పొద్దున చెయ్యి వణుకుతుందని నీకు చెప్పలేదు. నా గురువు నాకూ ఇలాగే చెప్పాడు." ముసలాయన గుమ్మం వైపు తిరిగాడు. "ఆ రెక్కలు బాగున్నాయిరా. ఆ రోజు జలుబు చేసింది నాకు."

బర్దాస్ ఆ మంచం మీదే చచ్చిపోతే బాగుండేది. తన ముఖం... ఇన్నేళ్ళూ ఎదురుచూసిన పళ్ళెమంత చోటు... తన చేత్తోనే... అప్పుడు తెలిసింది, చీకట్లో చెంపకి తగిలింది ఏమిటో. కొత్తగా పూసిన తడి సున్నం! దెయ్యమూ కాదు, గియ్యమూ కాదు. తను వంగి తన చెంపను తనే ఆ తడి గోడకి ఆనించాడు.

మరి మణికట్టు? భయంలో పరంజా తాడు చుట్టుకుని ఉంటుంది. ఆ గొంతు? భయంలో ఏం వినపడదు కనక! చీకట్లోనే తొట్టి దగ్గర ముఖం కడుక్కుని, చొక్కా చేతులు వేళ్ళ దాకా లాక్కుని గురువు వెనక నడిచాడు. ప్రతి అడుగూ ఉరికంబానికి నడిచినట్టే ఉంది.

గుహ ముందు అప్పటికే జనం. నికేతాస్ ఒక పక్కన, ద్రాక్షసారా వాసన లేకుండా, కళ్ళు ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. మారో అవ్వ లోపలికి దీపం పట్టుకెళ్ళి, ఊరంతా వినపడేలా కేకలు పెడుతోంది.

"వచ్చిందమ్మో! థెక్ల వచ్చిందమ్మో! ముఖం దొరికిందమ్మా నీకు! ఇన్నాళ్ళకి దొరికిందా తల్లీ!"

లోపల గోడ మీద, నీలి ముసుగులో, ఆకుపచ్చటి ముఖం. దాని ఎడమ చెంప మీద ఎవరో చెంప ఆనించినట్టు నొక్కు. కుడి చెంప మీద నుంచి గడ్డం దాకా వేళ్ళతో గీరిన చాళ్ళు. అవి ఏడిచి ఏడిచి పడ్డ కన్నీటి చారల్లా ఉన్నాయి.

ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూలబడ్డారు. యూదోకియమ్మగారు రాత్రి బట్టల మీదే పరుగెత్తుకొచ్చి, ఆ ముఖం చూసి, భర్త పోయిన కబురు విన్నప్పుడు కూడా ఏడవని మనిషి భోరున ఏడ్చింది.

"అమ్మగారూ," అన్నాడు గురువు. "ఈ ముక్క కోసేసి మళ్ళీ సున్నం పూస్తే మధ్యాహ్నానికి ముఖం వచ్చేస్తుంది. మావాడు సిద్ధంగా..."

"ముట్టుకుంటే చేతులు నరికిస్తాను!" అంది అమ్మగారు. "ఇంతకంటే ముఖం ఏం వేస్తారయ్యా మీరు? నా బాధ నాకు ఎదురుగా కనిపిస్తోంది. ఇదే ఉంటుంది. ఇలాగే ఉంటుంది."

గురువు పరంజా ఎక్కాడు. పొర కమ్మిన కళ్ళు గోడకి దగ్గరగా పెట్టి, ఆ చాళ్ళలో తన వేళ్ళు ఒక్కొక్కటే పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా జరిపాడు. ఎంతోసేపు అలాగే ఉన్నాడు. తర్వాత అన్నాడు:

"ఊఁ."

బర్దాస్ తల ఎత్తలేదు. పుట్టి బుద్ధెరిగాక అతని చేతి పనికి వచ్చిన మొదటి 'ఊఁ' అది. ఎవరి పనో ముసలాయనకి తెలిసే అన్నాడో, తెలియకే అన్నాడో ఆయన చచ్చేదాకా చెప్పలేదు. కుంచెల సంచి మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఆ రోజే తన తలగడ కిందికి మార్చుకున్నాడు.

సాయంత్రం బర్దాస్ వాగు ఒడ్డున రంగు గిన్నెలు తోముతూ కూర్చున్నాడు. నికేతాస్ వచ్చి పక్కన కూలబడ్డాడు.

"అన్నా," అన్నాడు నికేతాస్ గొంతు తగ్గించి. "గడ్డంలో సున్నం ఉంది. సరిగ్గా కడుక్కో."

బర్దాస్ చెయ్యి గడ్డం మీదికి పోయింది. ఎండిన సున్నం పలుకులు వేళ్ళకి తగిలాయి.

"చూశావా నువ్వు?"

"చీకట్లో ఏం చూస్తాను? విన్నాను. తలుపు బండ వెనక కూర్చుని ఉన్నాను."

"మారో అవ్వ ఇంటికి వెళ్తానన్నావు!"

నికేతాస్ నడుంలోంచి తాపీ తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"దీంతో వెళ్ళాను. నువ్వు వచ్చిన పనికే. సున్నం పూయమన్నప్పుడే గురువుగారు చెవిలో చెప్పాడు. 'నున్నగా పూయిరా, పొద్దున బర్దాస్ చెయ్యి పడుతుంది' అని. నీ ముఖానికి నాచేత సున్నం పూయించాడన్నా! నాచేత! భోజనం దగ్గర లేచినప్పటి నుంచీ ఆ బండ వెనకే కూర్చున్నాను. గీకేద్దామా, వద్దా... గీకేద్దామా, వద్దా... ఇంతలో నువ్వు వచ్చావు. నా పని నువ్వే చేసిపెట్టావు. నవ్వు ఆపుకోవడానికి పిడికిలి కొరుక్కున్నాను చూడు."

పిడికిలి మీద పంటిగాట్లు ఉన్నాయి.

బర్దాస్‌కి కోపం రావలసింది. రాలేదు. పొద్దుటి నుంచీ ఛాతీ మీద ఉన్న బండ దిగినట్టయింది. ఆ ఊపిరి నికేతాస్‌దేనన్నమాట! నవ్వొచ్చింది కూడా.

"దొంగ వెధవా! ఎంత భయపెట్టావురా. సరే... చివర్నైనా మనసొప్పక ఆపావుగా. అది చాలు."

"ఆపానా?"

"చెయ్యి పట్టుకుని, ముఖం వదులు అన్నావుగా."

నికేతాస్ అతని వైపు వింతగా చూశాడు.

"నేను బండ వెనక నుంచి కదల్లేదన్నా. నాకంత మంచితనమే ఉంటే తాపీ ఎందుకు పట్టుకెళ్తాను?"

బర్దాస్ మెల్లగా చొక్కా చెయ్యి పైకి లాగాడు. పొద్దుటి నుంచీ ఇసుకతో తోమినా పోనిది అక్కడ ఉంది. మణికట్టు చుట్టూ, ఆకుపచ్చగా, వేళ్ళ ముద్ర. సన్నటి పొడుగాటి వేళ్ళు. నికేతాస్ తన చెయ్యి దాని మీద పెట్టి చూశాడు. అతని మొద్దు వేలు ఒక్కటే ఆ ముద్రలో రెండు వేళ్ళని కప్పేసింది.

ఇద్దరూ ఒక్కసారే చెంపలు మూసుకున్నారు.

కాసేపటికి నికేతాస్ చేతులు దింపాడు. బర్దాస్ మణికట్టునే చూస్తున్నాడు. అతని కళ్ళలో భయం పోయి, ఇంకేదో వచ్చింది. అదేమిటో బర్దాస్ వెంటనే గుర్తుపట్టాడు. గాడిదకి 'ఊఁ' పడిన రోజు తన కళ్ళలో ఉన్నదే అది.

"భోజనమైనప్పటి నుంచీ అక్కడే కూర్చున్నానన్నా," అన్నాడు నికేతాస్ బొంగురు గొంతుతో. "ఒక్కణ్ణే. అంతసేపు. నన్ను ముట్టుకోలేదు."

ఆ తర్వాత వాళ్ళిద్దరూ మా లోయలోనే ఉండిపోయారు. ఆకుపచ్చ దేవమాతకి మొక్కడానికి కైసరయ నుంచి కూడా జనం వచ్చేవారు. థెక్లకి ముఖం దొరికింది కదా, ఇక భయం లేదని మారో అవ్వ ఎంత చెప్పినా, ఎందుకైనా మంచిదని మావాళ్ళు రాత్రిపూట చెంపలు మూసుకునే పోయేవారు. ఒక్క నికేతాస్ మూసుకునేవాడు కాదు. వారానికి ఒకసారైనా చీకటి పడ్డాక ఆ గుహ ముందుకి వెళ్ళి, ముఖం లోపలికి తిప్పి, చేతులు కిందికి వదిలేసి నిలబడేవాడట. చాలాసేపు. చలికి పళ్ళు టకటకలాడేదాకా.

బర్దాస్ తన ఇంటి కప్పు మీద నుంచి అదంతా చూస్తూ కూర్చునేవాడు. కుడి మణికట్టు మీద ఎడమ చెయ్యి కప్పుకుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవాడు. నికేతాస్ తల వంచుకుని, చెంపలు పొడిగా తిరిగి వెళ్ళిపోవడం చూశాకే... దేవుడు క్షమించాలి... దిగొచ్చి హాయిగా నిద్రపోయేవాడు.